లేని బుడ్డకు ఆపరేషన్

ఆస్పత్రి వరండాలో డాక్టరు గారు రోగి కొడుకు భుజం మీద చెయ్యి వేసి, స్తంభం చాటుకు తీసుకుపోయి, గొంతు తగ్గించి మాట్లాడటం కనబడితే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుకొస్తుంది. రోగి లోపల మంచం మీద ఉంటాడు. రోగం అతనిది, నొప్పి అతనిది, ప్రాణమూ అతనిదే. కబురు మాత్రం కొడుక్కి. కొత్తగా ఆస్పత్రి కొలువుల్లో చేరిన పిల్లలు నన్ను చూసి, ఈ మనిషి జుట్టు సగమే నెరిసింది గదా, అప్పుడే ఇంత చాదస్తమేమిటి అనుకుంటారు. అనుకోండి. కానీ ఆ స్తంభాల వెనక నేను చూసినది ఒకసారి వినండి.

నేను డ్రెస్సరుగా చేరిన తొలి సంవత్సరాలవి. నయా పైసలు కొత్తగా వచ్చి, అణాలతో లెక్క కుదరక అంగళ్ళ ముందు జనం జుట్లు పట్టుకుంటున్న రోజులు. డ్రెస్సరంటే పుళ్ళు కడిగి కట్లు కట్టేవాడు, మూత్రం ఆగినవాడికి గొట్టం వేసేవాడు, కోతకు ముందు గొరిగేవాడు. డాక్టరుకు చేతులు చాలనప్పుడు అవసరమయ్యే చేతులు, నర్సమ్మకు కోపం వచ్చినప్పుడు కావలసిన చెవులు కూడా వాడివే.

మా ఆస్పత్రి సముద్రానికి ఎంత దగ్గరంటే, ఆటుపోట్లను బట్టి మా ఇంక్ సీసాలో సిరా ఎక్కి దిగేది. ఆ ఉప్పుగాలికి తుప్పు పట్టనిది నర్సమ్మ నోరొక్కటే. కత్తెర పొద్దున తోమితే సాయంత్రానికి గేరుపండు రంగు తిరిగేది. ఇక దోమలు. మా దోమలు కుట్టేముందు మనిషిని కాస్త పైకెత్తి బరువు చూసేవి. వాటి పుణ్యమా అని ఆ తీరంలో సగం మందికి బోదకాళ్ళు, మిగిలిన సగం మగవాళ్ళకు బుడ్డలు, అంటే వరిబీజాలు. వారానికి ఒక రోజు మా డాక్టరు గారు బుడ్డల కోతకే కేటాయించారు. ఆ రోజు ఆస్పత్రి ముందు బళ్ళు చూస్తే తిరునాళ్ళే. ఎవరి బుడ్డ ఎంతది, ఏ డాక్టరు కోసినది మళ్ళీ రాలేదు, ఎవరిది గుమ్మడికాయ, ఎవరిది బూడిదగుమ్మడి అని మా వరండాలో జరిగే చర్చలు శాసనసభలో కూడా అంత శ్రద్ధగా జరిగి ఉండవు.

ఈ సంగతి గుర్తుంచుకోండి.

నేను చెప్పబోయే పెద్దాయన ఇందుకూరుపేట పక్క వరి రైతు. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ పక్క సగం మంది మా తాతే అని నా మీదికి వస్తారు, మిగతా సగం మా తాత కాదని వస్తారు. మనిషి తాడిచెట్టంత. గొంతు ఇంకా పెద్దది. కాలవ గట్టున నిలబడి ఎద్దుల్ని అదిలిస్తే మైపాడులో పడవలు వెనక్కి తిరిగేవట. చొక్కా అనేది పెళ్ళిళ్ళకు తొడుక్కునే వస్తువని ఆయన నమ్మకం. మిగతా రోజులన్నీ పంచె, భుజాన తువ్వాలు, అంతే.

ఆయనకు మూత్రం బొట్లుబొట్లుగా రావడం మొదలై ఏడాది దాటిందట. ఎవరికీ చెప్పలేదు. మగవాడు పంటి నొప్పి చెబుతాడు, కంటి నొప్పి చెబుతాడు, ఇది చెప్పడు. ఒకరోజు మొత్తానికే ఆగిపోయింది. అప్పుడు చెప్పాడు. చెప్పాక వెంటనే బండి కట్టాలా, వద్దా? కట్టలేదు. మా తీరంలో ఒక గొప్ప శాస్త్రం ఉంది: నీళ్ళు ఆగితే నీళ్ళు పొయ్యాలి. బావమరిది బార్లీ నీళ్ళు తెచ్చాడు. వియ్యంకుడు గెల కోయించి కొబ్బరి బోండాలు పంపాడు. పక్కింటామె పల్లేరుకాయల కషాయం కాచింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ చేతిలో చెంబుతో వచ్చాడు. తూము మూసుకుపోయిన చెరువులోకి ఊరంతా కలిసి కాలవ మళ్ళించిందన్న మాట. ఏ ఒక్కడికీ, ఇది పోయేదెటు అన్న అనుమానం రాలేదు.

బండి మా గేటు దాటేసరికి ఆయన పొట్ట మీద దరువేస్తే మోగేటట్టుంది. కుదుపు కుదుపుకూ ఆయన పెట్టిన కేకలు విని మా రోగుల్లో నడవగలిగినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నడవలేనివాళ్ళు కొందరు నడిచారు. నేను రబ్బరు గొట్టం వేశాను. కనిగిరి రిజర్వాయరుకు తూమెత్తినట్టయింది. ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు చూసి తీరవలసిందే.

"అబ్బయా, నీ కడుపు సల్లగుండ. నీకు పెళ్ళయిందా?"

"లేదు పెద్దాయనా."

"నేను చేస్తాలే."

ఆ తరవాత డాక్టరు గారు చేతికి తొడుగు వేసుకుని, వెనక నుంచి వేలు పెట్టి పరీక్ష చేశారు. మా డాక్టరు కర్నూలు వైపు మనిషి, మంచి చెయ్యి, మాట తక్కువ. పెద్దాయన నర్సమ్మ వైపు తల తిప్పి, "అమ్మా, ఈయన డాక్టరేనా? నిజం చెప్పు" అన్నాడు. నర్సమ్మ నవ్వింది. డాక్టరు నవ్వలేదు.

ప్రోస్టేట్ అనేది మగవాడికి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. మూత్రం పోయే దారి దాని నడుమ నుంచే. వయసు మీద పడితే అది చాలామందికి ఉబ్బుతుంది. వేలికి మెత్తగా, రబ్బరు బంతిలా తగిలితే అంత భయం లేదు. ఈయనది గట్టిగా, ఎగుడుదిగుడుగా, గులకరాళ్ళ మూటలా తగిలిందట. నెల్లూరు పంపించి ఎక్స్‌రే తీయిస్తే నడుం ఎముకల మీద తెల్లటి మచ్చలు. కాన్సరు. జనం మాటల్లో రాచపుండు. అప్పటికే గ్రంథి దాటి ఎముకల్లోకి పోయింది.

డాక్టరు గారు పెద్దకొడుకు భుజం మీద చెయ్యేసి స్తంభం చాటుకు నడిపించారు.

కొడుకు మంచివాడే. ఏడ్చాడు. ఏడ్చి, "నాయనకు మాత్రం చెప్పబాకండి సామీ. తెలిస్తే గుండాగి చస్తాడు" అన్నాడు. ఎముకల్లోకి పోయిన రోగానికి ఆగని గుండె మాట విని ఆగుతుందని ఎవరు కనిపెట్టారో గాని, ఆ స్తంభం చాటున డాక్టరు గారు కూడా అదే వేదమన్నట్టు తలూపారు. నర్సమ్మ మాత్రం తన నియమం ముందే చెప్పేసింది. "అబద్ధమాడితే మాకు పాపం. అందుకని నేనేం చెప్పను. ఆయన అడిగితే నేను చెవిటిదాన్ని." నర్సమ్మ ఆదివారం చర్చికి పోతే ప్రార్థన వెనక వరస దాకా వినబడేది, ఆమె గొంతులోనే. అంతటి మనిషి ఆ రోజు నుంచి ఆయన మంచం దగ్గర చెవిటిది అయింది.

ఆ రోజుల్లో ఈ రోగానికి వైద్యం రెండు దారులు. ఈ కాన్సరు మగతనపు హార్మోను తిని బతుకుతుంది. దానికి ఆ తిండి అందకుండా చెయ్యడానికి ఆడవాళ్ళ హార్మోను మాత్రలు మింగించడం ఒకటి, ఆ హార్మోను తయారయ్యే బీజాలే, అంటే వృషణాలే, తీసెయ్యడం రెండోది. రోగం నయం కాదు, వెనక్కి తగ్గుతుంది. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. మొదట మాత్రలన్నారు. కొడుకు వాటికి బలం మాత్రలని పేరు పెట్టి తండ్రి చేతిలో పోశాడు.

బలం మాత్రలట. మాత్రలు పని చేశాయి, కాదనను. గొట్టం తీసేశాక మూత్రం సాఫీగా వచ్చింది, నడుం నొప్పి తగ్గింది. దాంతోపాటు ఆయన రొమ్ములు సలపరం పెట్టి, ఎదిగే ఆడపిల్లకు మాదిరి ఉబ్బడం మొదలైంది. ఆ మందు గుణమే అది. చెప్పి ఇస్తే, ఇట్టా అవుతుంది, భయం లేదు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. చెప్పలేదు గదా, ఆ తాడిచెట్టంత మనిషి తనకేదో తెగులు పట్టిందని, లోకానికి తెలిస్తే తల ఎత్తుకోలేనని లోలోపల కుళ్ళిపోయాడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో చొక్కా తొడిగాడు. చొక్కా మీద తువ్వాలు కప్పాడు. కాలవ స్నానం మానేశాడు. ఊళ్ళో, పెద్దాయనకు ముసలితనంలో షోకు పట్టిందని నవ్వారు. చివరికి మాత్రలన్నీ తీసుకుపోయి పెంటదిబ్బలో పాతిపెట్టాడు. కొడుకు వేసుకున్నావా నాయనా అంటే వేసుకున్నానన్నాడు. కొడుకు తండ్రికి అబద్ధం చెబితే, తండ్రి కొడుక్కి తిరిగి అబద్ధం చెప్పాడు. ఆ ఇంట్లో నిజం మాట్లాడినది ఎద్దులే.

నొప్పి తిరిగొచ్చింది. ఈసారి వడ్డీతో సహా వచ్చింది. నడుం నుంచి తొడల్లోకి దిగి, కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. మళ్ళీ బండి. మళ్ళీ స్తంభం. ఈ దఫా డాక్టరు గారు ఆపరేషన్ తప్పదన్నారు. రెండు బీజాలూ తీసెయ్యాలి. కొడుకు సంతకం పెట్టాడు. అయితే నాయనకేం చెప్పడం? పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆ కొడుక్కి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"బుడ్డ ఆపరేషనని చెప్తాను సామీ. ఈ పక్కన అందురూ చేయించుకునేదే గదా. అనుమానం రాదు."

మా డాక్టరు కర్నూలాయన, సముద్రం ఎరగని పక్క మనిషి. సరేనన్నారు.

అయ్యలారా, నెల్లూరు సముద్రతీరంలో ఏ అబద్ధమైనా చెప్పండి. తిమింగలం ఎద్దుబండి ఎక్కిందని చెప్పండి, నమ్ముతారు. బుడ్డ విషయంలో మాత్రం చెప్పకండి. అక్కడ ప్రతి మగవాడూ ఆ సబ్జెక్టులో ఎం.ఎ. ప్యాసు.

ఆపరేషన్ నాడు పొద్దున నేను కత్తి, సబ్బు నీళ్ళు తీసుకుని తెర అడ్డం పెట్టి పెద్దాయన దగ్గర నిలబడ్డాను. ఆయన చొక్కా విప్పలేదు. తెర అవతల స్టూలు మీద, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. పిట్టంత మనిషి. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు, ఆమెకూ ఒక్క మాట చెప్పలేదు. కొడుకు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. పక్క మంచం మీద బోగోలు నుంచి వచ్చిన పడవ మనిషి, ముందు వారమే బుడ్డ తీయించుకుని మహారాజులా పడుకొని ఉన్నాడు.

"అబ్బయా, యాడ గొరుగుతుండావు?" అన్నాడు పెద్దాయన.

నేను కొడుకు వైపు చూశాను.

"బుడ్డ ఆపరేషన్ గదా నాయనా. చెప్పినాను గదా నీకు."

"ఎవురికి బుడ్డ?"

"నీకే నాయనా."

పెద్దాయన ఎంతో ఓపికగా అన్నాడు. "నాకు బుడ్డ యాడుండాదిరా? బుడ్డ ఉండింది మీ మేనమామకి."

"లోపలుండాదంట నాయనా. కనపడదంట."

పక్క మంచం పడవ మనిషికి ఇది తన కులవృత్తిని అవమానించినట్టు తగిలింది. మోచేతి మీద లేచాడు. "కనపడని బుడ్డేందన్నా? నేను పుట్టి బుద్ధెరిగినాక వినలా. నాది పడవ ఎక్కితే పడవ ఒక పక్కకి ఒరిగేది. బుడ్డంటే అది."

వార్డంతా లేచి కూర్చుంది. బోదకాళ్ళాయన ఒకడు, కనపడని బుడ్డ ఉంటుందనీ, తమ ఊళ్ళో ఒకడికుందనీ వాదం లేవదీశాడు. ఉంటే ఎట్టా తెలిసిందని పడవ మనిషి అడిగాడు. ఇంతలో తెర కదిలింది. పెద్దమ్మ లోపలికి వచ్చింది.

"నేను కాపరం చేసిన మనిషికి నాకు తెలీకుండా బుడ్డెట్టా వచ్చిందిరా పెద్దోడా?"

వార్డు ఘొల్లుమంది. ఆమె నవ్వలేదు. కొడుకు మొహం చూసింది, నా చేతిలో కత్తి చూసింది, మంచం మీద చొక్కా వేసుకుని పడుకున్న మొగుణ్ణి చూసింది. నవ్వు దానంతట అదే ఆగిపోయింది. ఆమె నర్సమ్మ దగ్గరికి పోయింది. "ఏమ్మా, ఏం కోస్తుండారు ఈయనకి?"

నర్సమ్మకు ఎదురుగా ఇంకో ఆడమనిషి నిలబడి అడిగేసరికి చెవుడు నయమైపోయింది. "నన్ను కాదు తల్లీ. అదిగో వస్తుండారు, ఆయన్ని అడుగు. చెప్పిందాకా వదలబాకు."

డాక్టరు గారు అప్పుడే వార్డులోకి వస్తున్నారు. పెద్దమ్మ దారికి అడ్డం నిలబడింది. ఆయన ఛాతీ దాకా వస్తుందేమో మనిషి.

"సామీ, ఆయనకేంది జబ్బు?"

"మీ అబ్బాయికి అన్నీ చెప్పానమ్మా."

"జబ్బు మా అబ్బాయికా?"

డాక్టరు గారు గొంతు తగ్గించారు. "చెబితే బెంగతోనే పోతాడమ్మా. అందుకని..."

"బెంగ పడతాడో, పడడో, ఆయన్ని పడనీండి. ఎండల్లో చొక్కా తొడుక్కొని మొగం నాకు చూపియ్యకుండా గోడపక్కకి తిరిగి పడుకుంటుండాడు. అది బెంగ కాదా? పొలం అమ్మాలంటే ఆయన ఏలిముద్ర కావాల. ఒంట్లోది కొయ్యాలంటే అక్కర్లేదా?"

నా ఉద్యోగ జీవితంలో కలెక్టర్లు మా ఆస్పత్రికి వచ్చారు, డైరెక్టర్లు వచ్చారు. డాక్టరు గారు ఎవరి ముందూ అట్లా నిలబడిపోవడం నేను చూడలేదు. అప్పుడాయన ఒక పని చేశారు, దానికి మాత్రం ఈ రోజుకీ ఆయనకు దణ్ణం పెడతాను. స్తంభం వైపు పోలేదు. తెర పక్కకు జరిపి, స్టూలు లాక్కుని పెద్దాయన తల దగ్గర కూర్చున్నారు. కొడుకు "వొద్దు సామీ" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

ఉన్నదంతా చెప్పారు. రాచపుండన్న మాట కూడా దాచలేదు. గ్రంథి సంగతి, ఎముకల సంగతి, ఆ మాత్రలు ఏమిటో, రొమ్ములు ఎందుకు ఉబ్బాయో చెప్పారు. ఆ చివరి మాట దగ్గర పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

"అయితే అది మందు గుణమా?"

"మందు గుణమే."

"నాకు తెగులు కాదా?"

"కాదు."

పెద్దాయన లేచి కూర్చుని చొక్కా గుండీలు విప్పాడు. ఒక్కొక్కటే విప్పి, చొక్కా తీసి, పెద్దమ్మ చేతికిచ్చాడు. వార్డులో ఇరవై మంది ఉన్నారో, రెండు వేల మంది ఉన్నారో గాని ఒక్కడూ ఆ వైపు చూడలేదు. పడవ మనిషి అయితే కిటికీలోంచి కాకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి సామీ. కోస్తే ఏమవుద్ది?"

"ఆ గడ్డకు తిండి అక్కణ్ణుంచే పోతుంది. అది తీసేస్తే గడ్డ వడలిపోతుంది. నొప్పి తగ్గుతుంది."

"మడవ కట్టేస్తారు. నీళ్ళు అందక పైరు ఎండిపోద్ది."

"అంతే."

"చచ్చిపోద్దా?"

"చావదు. ఎప్పుడో మళ్ళీ మొలుస్తుంది. అది ఎప్పుడని నేను చెప్పలేను."

"కొయ్యకపోతే?"

డాక్టరు గారు చెప్పారు. ఆ మాట ఇక్కడ నేను రాయక్కర్లేదు.

కాసేపు బయటికి పోయొస్తానన్నాడు పెద్దాయన. నేను పట్టుకోబోతే విదిలించుకుని, కర్ర ఊతంగా, బట్టలేని ఛాతీతో, గేటు పక్కన బండి నుంచి విప్పి కట్టేసిన తన ఎద్దుల దగ్గరికి నడిచాడు. పెద్దమ్మ వెనకాలే పోయింది. ఆయన ఎద్దు మూపురం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆమె రెండో ఎద్దు పక్కన నిలబడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వినబడిందని చెప్పి ఇక్కడొక పద్యం రాయగలను గాని, ఈ ఒక్క చోట అబద్ధమాడటం నాకిష్టం లేదు.

తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"సామీ, నా బతుకులో ఎన్ని కోడెలకో విత్తులు కొట్టించినా. ఎద్దుల్ని చేసినా. అవి కాడి మోసినయి, బండి లాగినయి, నా సంసారం ఈదినయి. ఒక్క కోడెను గూడా నేను అడగలా, నీకిది చేస్తుండానని. మీరు ఆలస్యంగానన్నా నన్ను అడిగినారు. కానీండి." నా వైపు తిరిగి, "ఏం చూస్తుండావబ్బయా, గొరుగు. పైపైన కాదు, శుభ్రంగా గొరుగు. బుడ్డోళ్ళ ముందర నన్ను నవ్వులపాలు చెయ్యబాక" అన్నాడు.

కాగితం మీద కొడుకు సంతకం పక్కన తన వేలిముద్ర వేశాడు. ఎంత గట్టిగా అంటే బల్ల మీద కూడా పడింది.

ఆపరేషన్ చిన్నదే. చూడవలసింది ఆ తరవాత. నెలల తరబడి పడుకోనివ్వని నొప్పి మర్నాటికే సగానికి తగ్గింది, ఇంకో రెండు రోజులకు వెతుక్కుంటే గాని దొరకలేదు. ఇది నేను పెంచి చెబుతున్నది కాదు, ఈ రోగంలో అట్లా జరగడం డాక్టర్లందరికీ తెలుసు. పెంచి చెప్పాలంటే, ఆయన గురకకు మా ఆస్పత్రి కప్పు మీద పెంకులు మూడు జారాయి.

అన్నీ సుఖాలే అనను. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిరి పుట్టి, మొహమంతా ఎర్రబడి, చెమటలు కారిపోయేవి. మగవాడి హార్మోను పోతే వచ్చే బాధ అది. విసనకర్ర పట్టుకుని పెద్దమ్మ పక్కన కూర్చునేది. విసరడానికి ముందు కాసేపు చూసేది.

"నాకు ముట్లుడిగినప్పుడు ఇట్టే పుట్టేది ఆవిరి. నీకు చెప్తే ఏమన్నావు?"

"ఏమన్నా?"

"పొయ్యి కాడ నుంచి లేచి గాలికి కూచోమన్నావు. లే. లేచి గాలికి కూచో."

ఆ తరవాత విసిరేది.

పెద్దాయన మళ్ళీ చొక్కా లేకుండా కాలవకు పోయి స్నానం చేశాడు. ఎవరైనా ఎగాదిగా చూస్తే అడక్కముందే చెప్పేవాడు. చెప్పడమంటే అంతా ఇంతా కాదు, ఆ గొంతుతో. ఇందుకూరుపేట పక్కన మూత్రం సన్నగిల్లిన మగవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు మా ఆస్పత్రికి రావడం మొదలుపెట్టారు. చెంబులు ఇంట్లో పెట్టి వచ్చారు. వాళ్ళలో చాలామందికి ఉత్త ఉబ్బే. ఒకరిద్దరికి మాత్రం ఆయనదే. వాళ్ళతో డాక్టరు గారు మంచం దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని మాట్లాడారు.

డాక్టరు అన్నట్టే కొన్నేళ్ళకు మళ్ళీ మొలిచింది. అప్పుడు పెద్దాయన ముందే గుర్తుపట్టాడు. పంట ఎవరికి, ఇల్లెవరికి, పెద్దమ్మ ఎక్కడ ఉండాలి, అన్నీ తన నోటితో చెప్పాడు. కొడుకు ఏడవడానికి బయటికి పోబోతే పిలిచి, "ఏడిస్తే నా పక్కన కూచొని ఏడువు. వరండాలో కాదు" అన్నాడట. అట్లాగే ఏడ్చాడట.

ఇంత జరిగాక మన ఆస్పత్రులు మారి ఉంటాయని మీరనుకుంటారు. మొన్న నా తోడల్లుడిని చూడటానికి నెల్లూరు పోయాను. ఆయనకూ ఇదే జబ్బని ఊరందరికీ తెలుసు, మంచం మీద ఉన్న ఆయనకు తప్ప. ఆయనేమో ఇవి నరాల బలానికి మాత్రలంట అని నాకు చూపించాడు. బలం. ఇప్పటికీ అదే మాట, పేరైనా మార్చలేదు. వరండాలో స్తంభం దగ్గర డాక్టరూ, కొడుకూ. నేను పోయి వాళ్ళిద్దరి మధ్య నిలబడ్డాను. ఏం మాట్లాడానో అడక్కండి. లోపలికి స్టూలు నేనే మోసుకెళ్ళాను.

పెద్దాయన ఆపరేషన్ అయిన మరుసటి ఏడు వాళ్ళ ఊరు పోయాను, కుట్లు చూడటానికనే వంకతో, చేపల పులుసు కోసం. ఆ రోజు దొడ్లో ఒక కోడెను ఎద్దు చెయ్యడానికి మనిషి వచ్చి ఉన్నాడు. తాళ్ళతో కోడెను పడవేసి కాళ్ళు కట్టారు. పెద్దాయన చెయ్యెత్తి వాళ్ళను ఆపి, దాని తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు ఏదో చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం చూశాను. కోడె చెవి విదిలించింది.

లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, పనివాడితో అన్నాడు. "ఇప్పుడు కానీయి. చెప్పాల్సింది చెప్పినా."